నఖరా అని రాసిన మూడు రోజులు

ఈ రోజు పొద్దున మా అన్నను నేను అనకూడని మాట అన్నాను. అది తిట్టు కాదు. బయటివాళ్ళు వింటే నవ్వి ఊరుకుంటారు. కానీ నేను పని చేసే గుర్రాల షెడ్డులో ఆ మాటను ఎవరినీ అననివ్వను. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళకు మొదటి రోజే చెబుతాను, ఈ గోడల మధ్య ఆ ఒక్క మాట వద్దని. అదే మాట ఇంటి దగ్గర, నా నోటి నుంచి, నాకంటే పదేళ్ళు పెద్దవాడి మీద పడింది.

అన్న పేరు అంజయ్య. పటాన్‌చెరులో ఒక కంపెనీలో ముప్పై ఏళ్ళ పాటు మిషన్ ముందు నిలబడి పని చేశాడు. నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయి. మూడు వారాల కింద కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. ఇంద్రేశంలో మా రెండిళ్ళూ పక్కపక్కనే ఉంటాయి. పొద్దున్నే వాకర్ పట్టించి, ఇంటి ముందు పరిచిన షాబాద్ బండల మీద ఇరవై అడుగులు నడిపించే పని నేనే అడిగి తీసుకున్నాను. వాపు ఎక్కకుండా కాలికి చుట్టే సాగే పట్టీని ఎట్లా కట్టాలో, కసరత్తు చేయించడానికి వచ్చే అమ్మాయి నిన్న చూపించబోయింది. పాతికేళ్ళుగా గుర్రాల కాళ్ళకు కడుతున్న చేతులమ్మా ఇవి అని నవ్వి, ఆమెను చెప్పనివ్వలేదు. ఈ రోజు పట్టీ నేనే కట్టాను. చూడడానికి ఎంతో అందంగా, మడత లేకుండా వచ్చింది.

అన్న నాలుగడుగులు వేసి ఆగాడు. "తమ్మీ, జెర ఆగు. కాలు మొద్దుబారినట్లయితుంది" అన్నాడు. ఏం కాదు, నడవమన్నాను. ఇంకో రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. గేటు అవతల పాలాయన బండి ఆపి చూస్తున్నాడు. నాకెందుకో చిన్నతనంగా అనిపించింది.

"నఖరాలు జెయ్యకన్నా. నడువు."

నఖరా అంటే మా వైపు వేషాలు వేయడం, లేని నొప్పి చూపించి పని తప్పించుకోవడం. అన్న నా వైపు చూడలేదు. మిగిలిన పద్నాలుగు అడుగులూ ఆగకుండా నడిచాడు. స్నానానికి ముందు యాదమ్మ వదిన పట్టీ విప్పితే, పిక్క కింద వేలు పట్టేంత లోతుగా గాడి పడి ఉంది. కాలివేళ్ళు నీలంగా తిరిగాయి. "ఇదేం కట్టుడు నర్సింలూ? మనిషి కాలనుకున్నవా, గడ్డి మోపనుకున్నవా?" అంది వదిన. ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే, కాలు దిండ్ల మీద ఎత్తిపెట్టి కాసేపు చూడండి, రంగు తిరగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి అంది. నీలం తగ్గి వేళ్ళకు మళ్ళీ ఎరుపు వచ్చేదాకా నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. ఆ తరవాత బయటికి వచ్చి బండల మీద కూర్చున్నాను. అప్పుడే నాకు మల్లి గిట్టల చప్పుడు గుర్తుకు వచ్చింది. మల్లి ఒక తెల్ల గుర్రం. దానికి నేను చేసిన తప్పును ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో అన్నే నన్ను ఇస్నాపూర్ తీసుకుపోయాడు. అక్కడ కంపెనీ పనివాళ్ళకు ఇచ్చే వరుస గదుల్లో ఒకటి ఆయనది. ఒకే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల నా చాప, మధ్యలో తాడు మీద వదిన చీర అడ్డం. తెల్లారకముందే వదిన జొన్నరొట్టె కొట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. కాలిన రొట్టె వాసన గది నిండేలోపే, గాలి మళ్ళితే ఏదో ఒక కంపెనీ వాసన కిటికీలోంచి వచ్చి దాన్ని తోసేసేది. అన్న డ్యూటీ నుంచి వచ్చి, మిషన్ నూనె పోయేదాకా బట్టల సబ్బుతో చేతులు రుద్దుకుని, గడప దగ్గర నిలబడే తినేవాడు. కూర్చోమని వదిన ఎన్నిసార్లు అన్నా వినేవాడు కాదు. ఎనిమిది గంటలు నిలబడ్డ మనిషి ఇంట్లో కూడా నిలబడి తినడం ఏదో ఆయన తీరు అనుకుని నేను నవ్వేవాడిని. కూర్చుంటే లేవలేడని నాకు తట్టలేదు.

సంగారెడ్డి దాటి కొండాపూర్ వైపు పోయే దారిలో ఒక శిక్షణ కేంద్రం ఉందని, పశువుల సంరక్షణ నేర్పుతారని, దెబ్బ తిన్న గుర్రాలను మళ్ళీ నడిపించే పని కూడా అందులో పాఠమని అన్నకు ఎవరో కంపెనీలో చెప్పారు. ఎద్దుల పనికి పోయే ఇంట్లో పుట్టినవాడివి, జంతువులంటే నీకు భయం లేదు గదా అని ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. గదుల వరుసలో అందరికీ అది పెద్ద తమాషా అయింది. పక్క గదిలో ఉండే బిహారు కుర్రాళ్ళు నేను బస్సు దిగి రాగానే "ఘోడా డాక్టర్ ఆ గయా", గుర్రాల డాక్టరొచ్చాడు, అని సలాం కొట్టేవాళ్ళు. నా బట్టలకు అంటిన గుర్రపు చెమట, ఉడికిన ఉలవల వాసన చూసి వదిన ముక్కు మూసుకునేది. అన్న మాత్రం రొట్టె తుంచుకుంటూ రోజూ ఒకటే అడిగేవాడు, "ఇయ్యాల గుర్రం ఎట్లుంది?" అని. నేను గుర్రపు ముంగాలిలో ఎన్ని కీళ్ళు, ఏ నరం ఎక్కడ పట్టుకుంటుంది అని గడగడా చెప్పేవాడిని. ఒకసారి వదిన అంది, "గుర్రాల కాళ్ళన్నీ ఒత్తుతవు, ఒక్కనాడన్న మీ అన్న కాళ్ళు ఒత్తరాదు?" అందరం నవ్వాం. నేను ఒత్తలేదు.

అక్కడ పొద్దున తరగతి గదిలో బొమ్మలు చూపించి పాఠం చెప్పేవాళ్ళు. మధ్యాహ్నం షెడ్డులో పని. రేసుల నుంచి పంపేసిన ముసలి గుర్రాలు, పెళ్ళి ఊరేగింపుల్లో కాలు జారినవి, టాంగాలు పోయాక ఎవరికీ పట్టనివి అక్కడికి వచ్చేవి. షెడ్డులో మా గురువు ఖాజా మియా. గుర్రాల గిట్టలకు ఇనుప నాడాలు కొట్టే ఇంట్లో పుట్టినవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. సన్నగా, ఎప్పుడూ భుజం మీద గళ్ళ తువ్వాలతో ఉండేవాడు. చాయ సాసర్‌లో పోసుకుని, ఊది, కళ్ళు మూసుకుని తాగేవాడు. ఏ గుర్రాన్నయినా ముట్టుకునే ముందు సలాం చెప్పి, అది చెవి తిప్పేదాకా ఆగేవాడు. వేడి చూడాలంటే అరచేయి కాదు, చేతి వెనక వైపు ఆనించాలని నేర్పాడు. పని చేసిన అరచేయికి ఏదీ తెలియదట.

ఆయన పాఠాల్లో నాకు ఇప్పటికీ అన్నం పెడుతున్నది వినడం. షెడ్డు ముందు ఇరవై గజాల పొడవున బండలు పరిచి ఉండేవి. మమ్మల్ని గోడకు ముఖం పెట్టి కళ్ళు మూసుకొమ్మని, వెనక గుర్రాన్ని నడిపించేవాడు. బాగున్న గుర్రం నాలుగు గిట్టల చప్పుడూ ఒక్క కొలతలో పడుతుంది. ఎక్కడన్నా నొప్పి ఉంటే ఆ కాలు నేల మీద తక్కువసేపు ఆగుతుంది, ఒక చప్పుడు పొట్టిగా వినిపిస్తుంది. ఏ కాలో చెప్పాలి. "కండ్లు మోసపోతయి బేటా" అనేవాడు. తెల్లగా, ఒత్తుగా జూలున్న గుర్రం కళ్ళకు ఎప్పుడూ బాగానే కనిపిస్తుందని ఆయన లెక్క.

ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు. మా రిజిస్టర్లు తెలుగులో ఉండేవి. అందుకని సాయంత్రం ఒక్కొక్కరం మా గుర్రం పేజీని ఆయనకు చదివి వినిపించాలి. వినేటప్పుడు కూడా కళ్ళు మూసుకునేవాడు. విన్నాక కింద ఉర్దూలో సంతకం పెట్టేవాడు. రాయడంలో ఒకటే నియమం: గుర్రం ఏం చేసిందో రాయాలి, మనకు ఏమనిపించిందో రాయకూడదు. "మంచిగుంది" అని రాస్తే ఒప్పుకునేవాడు కాదు. ఎన్ని అడుగులు నడిచింది, ఎక్కడ ఆగింది, ఎంత తిన్నది, అంతే.

ఆఖరి పరీక్షకు ఒక్కొక్కరికి ఒక గుర్రం ఇచ్చారు. ఆరు వారాలు దాన్ని చూసుకుని, కుంటు లేకుండా నడిపించి చూపిస్తే సర్టిఫికెట్ వస్తుంది. నాకు మల్లి వచ్చింది. సదాశివపేటలో పెళ్ళిళ్ళకు గుర్రం తెచ్చే సత్తయ్యది అది. మల్లెపువ్వులా ఉందని ఆయనే ఆ పేరు పెట్టాడు. ఊరేగింపులో పటాకుల చప్పుడుకు బెదిరి, తడి రోడ్డు మీద జారి, ఎడమ ముంగాలి వెనక నరం వాచింది. పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యేలోపు అది లేచి నడిస్తేనే సత్తయ్య ఇల్లు గడుస్తుంది. వారానికోసారి బస్సు దిగి, చేతిసంచిలో శనగ గుగ్గిళ్ళు తెచ్చి దానికి తినిపించి, నా భుజం తట్టి పోయేవాడు. నా చేతుల మీద ఆయనకు నాకన్నా ఎక్కువ నమ్మకం ఉండేది.

నాలుగో వారానికి వాపు దిగింది. కొత్త నాడాలు కొట్టే రోజు ఉస్తాద్ మూడు కాళ్ళు పూర్తి చేసి, కుడి ముంగాలి నాడాకు ఆఖరి మేకు మిగిలి ఉండగా సుత్తి నా చేతికిచ్చాడు. అందరి ముందూ. మేకు గిట్ట అంచులో, బయటి వైపుకు వంగి దిగాలి. కొద్దిగా లోపలికి పోతే లోపలి మెత్తని మాంసానికి తగులుతుంది. రెండు దెబ్బలకే దిగింది. మల్లి కాలు కొంచెం గుంజింది, అంతే. నాకు ఆ రోజు బస్సు దిగి నడుస్తుంటే నేల మీద ఉన్నట్టు లేదు. ఇంటికి రాగానే అన్నకు చెప్పాను. ఆయన రొట్టె పక్కన పెట్టి, మేకు ఎట్లా పట్టుకున్నావో చూపించమని అడిగాడు.

మర్నాడు ఉస్తాద్ మేనకోడలి పెళ్ళికి బీదర్ పోయాడు. పోతూ, మూడు రోజులు నడక, రాత రెండూ నాకే వదిలాడు. "గుర్రం జేసిందే రాయి" అని మళ్ళీ చెప్పాడు.

మొదటి రోజు మల్లి బండల మీద సగం దూరం నడిచి ఆగింది. తల ఎత్తి ఎత్తి వేసింది. నొప్పి ఉన్న ముంగాలు నేలకు ఆనినప్పుడు గుర్రం తల పైకి లేస్తుందని బొమ్మ గీసి మరీ పరీక్ష రాసినవాడిని నేను. ఎడమ కాలు చూశాను, వాపు లేదు. కుడి కాలు చూడలేదు. చూడకపోవడం మరిచిపోయి కాదు. అక్కడ నా మేకు ఉంది. ఆ వైపు నా చూపు పోనే లేదు. నెల రోజులు కూర్చోబెట్టి తినిపిస్తే బద్ధకం పట్టిందనుకున్నాను. రిజిస్టర్‌లో రాశాను: "తల ఊపుతోంది. నఖరా చేస్తోంది." రెండో రోజు తాడు గుంజి నడిపించాను. "నఖరా. అయినా పూర్తి దూరం నడిపించాను" అని రాశాను. మూడో రోజు కూడా అదే మాట. ఆ రోజు అది దాణా సగం వదిలేసింది. నేను తాడు విప్పబోతే నా భుజం మీద తల ఆనించి అట్లాగే నిలబడింది. అది ప్రేమ అనుకున్నాను. ఒక కాలి మీద బరువు తగ్గించుకోవడానికి నన్ను ఆసరా చేసుకుందని ఇప్పుడు తెలుస్తుంది.

నాలుగో రోజు ఉస్తాద్ వచ్చాడు. మాకు వీపు చూపి నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను మల్లిని బండల మీదికి తెచ్చాను. ఆయన నల్లా కట్టేశాడు. తల తిప్పకుండానే, "ఎవరది, మూడు కాళ్ళ మీద నడిపిస్తున్నది?" అన్నాడు.

వచ్చి దానికి సలాం చెప్పి, కుడి గిట్టకు చేయి వెనక వైపు ఆనించి, వెంటనే తీసేశాడు. నాడా మేకులు ఒక్కొక్కటే పీకాడు. ఆఖరి మేకు తడిగా, నల్లగా వచ్చింది. దాని వెనకే చీము, వాసన. మల్లి పెద్దగా ఊపిరి వదిలింది. ఉస్తాద్ ఆ మేకును అరచేతిలో పెట్టుకుని, "ఇది ఎవరు కొట్టింది?" అని అడిగాడు.

"యాదికి లేదు ఉస్తాద్" అన్నాను.

"నాకు యాదుంది. నేనే కొట్టుమన్న" అన్నాడు. మేకు తప్పడం ఎవరికైనా అవుతుందని, తన చేతిలో కూడా ఎన్నోసార్లు అయిందని, అది తప్పు కాదని నెమ్మదిగా చెప్పాడు. ఆ తరవాత తువ్వాల పరుచుకుని కూర్చుని, మూడు రోజుల పేజీలు చదవమన్నాడు.

అప్పుడు నేను చేసిన పని మేకు కన్నా లోతుగా దిగింది. కాయితం మీద నఖరా అని ఉంది. నేను "కుంటు కనిపించింది, సగం దూరంలో ఆపాను" అని చదివాను. మూడు రోజులూ అట్లాగే, లేనిది చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు, బండల పక్కన గుర్రం నడక విన్నట్టే. నా గొంతులో ఏ అడుగు పొట్టిగా పడిందో ఆయనకు వినిపించిందేమో తెలియదు. చదవడం అయ్యాక కలం అడిగి సంతకం పెట్టాడు. ఆ పేజీలు తరవాత నేను చింపేశాను.

దాని తరవాత రోజులన్నీ ఒక్కటే పని. పొద్దున, సాయంత్రం మల్లి కాలును ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళ బకెట్‌లో పెట్టించి, నీళ్ళు చల్లారేదాకా పక్కన కూర్చోవడం. తరవాత తవుడు ముద్ద పెట్టి గుడ్డ చుట్టడం. మొదట్లో కాలు బకెట్‌లో పెట్టడానికి ఒప్పుకునేది కాదు. పోను పోను నేను బకెట్ తెస్తుంటేనే కాలు ఎత్తేది. ఒక సాయంత్రం ఉస్తాద్ చాయ సాసర్‌తో వచ్చి మా పక్కన కూర్చున్నాడు. లేచేటప్పుడు దాని మెడ నిమిరి అన్నాడు, "గుర్రానికి నఖరా రాదు బేటా. మనిషికే వస్తది."

ఆ మాట నేను ఆయన దగ్గర ఎప్పుడూ అనలేదు. చదివేటప్పుడు కూడా మింగేశాను. ఎవరన్నా చెప్పారో, నేను మల్లి మీద అరుస్తుంటే షెడ్డులో ఎవరి చెవినన్నా పడిందో అడగలేకపోయాను. తెలిసీ సంతకం పెట్టాడంటే, ఒప్పుకునే వీలు నాకు వదిలి చూశాడు. నేను ఆ వీలును వాడుకోలేదు. సత్తయ్యకు పెళ్ళిళ్ళ కాలం పోయింది. ఆయన నన్నేమీ అనలేదు సరికదా, గుగ్గిళ్ళు నాకూ ఒక గుప్పెడు పెట్టాడు. వానలు పడ్డాక మల్లి నాలుగు కాళ్ళ మీద, ఒక్క కొలతలో నడిచి లారీ ఎక్కింది. నాకు సర్టిఫికెట్ వచ్చింది. అన్న దానికి ఫ్రేము కట్టించాడు. ఉస్తాద్ ఇప్పుడు లేడు. సత్తయ్య ఎక్కడున్నాడో తెలియదు.

ఇప్పుడు పెళ్ళి గుర్రాలు ట్రాలీ ఆటోల్లో వస్తాయి. ఇస్నాపూర్ గదుల మీద రెండంతస్తులు లేచాయి. మా పొలం ఉన్నచోట ప్లాట్ల రాళ్ళు పాతారు. మారనిది నేను. పాత ఇల్లు పడగొట్టినప్పుడు అన్న అందులోని షాబాద్ బండలు పోనివ్వకుండా తెచ్చి ముందర పరిపించాడు. పొద్దున వాటి మీద ఆయన అడుగులు నా ముందే పొట్టిగా పడ్డాయి. పాతికేళ్ళ చెవి నాది, అయినా వినలేదు. కట్టింది నేను కాబట్టే వినలేదు.

మధ్యాహ్నం కసరత్తు అమ్మాయి వచ్చింది. పట్టీ ముందు నా కాలికి కట్టి చూపించమన్నాను. పాదం దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి, లోపల రెండు వేళ్ళు దూరాలి. రెండుసార్లు తప్పు కట్టాను, మూడోసారికి సరిగ్గా వచ్చింది. ఆమె పోయాక అన్న మనవరాలి నోట్‌బుక్ ఒకటి తీసుకుని ఈ రోజు పేజీ రాశాను. అన్న మంచం పక్కన కూర్చుని ముందు మల్లి సంగతి చెప్పాను. మేకు సంగతి, లేనిది చదివిన సంగతి. ఆయన అంతా విని, "గుర్రమైతే తన్నేది. నేనైనందుకు బతికిపోయినవ్" అన్నాడు. వదిన అవతల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నోట్‌బుక్ తీసి చదివాను: "పట్టీ నేనే గట్టిగా కట్టాను. ఆరు అడుగుల్లో అన్న రెండుసార్లు ఆగాడు. కాలు మొద్దుబారిందని చెప్పాడు. నేను వినకుండా నడిపించాను."

అన్న అడిగాడు, "ఇంకో మాట అంటివి గద తమ్మీ. అది రాయలేదేంది?"

పేజీ చూశాను. నిజమే, లేదు. మళ్ళీ మింగేశాను. కలం తీసి, కింది గీత మీద "నఖరాలు చేయకు అన్నాను. అది నిజం కాదు" అని రాశాను. చదివి వినిపించాను. క్షమించమని అడిగాను. అన్న చేయి చాచి వాకర్ ఇమ్మన్నాడు.

మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ కట్టాను, రెండు వేళ్ళు దూర్చి చూశాను. కాలివేళ్ళకు చేతి వెనక వైపు ఆనించాను, వెచ్చగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆయన కాళ్ళు నేను ఇట్లా పట్టుకోవడం ఇదే మొదటిసారి. బండల మీదికి వచ్చాం. తొమ్మిదో అడుగుకు ఆయన ఆగాడు. నేనూ ఆగాను. గేటు అవతల ఎవరో పోతూ పలకరించారు. ఆయన తనంతట తాను పదో అడుగు వేసేదాకా నేను ఏమీ అనలేదు.